ఎదురులేని ఆటగాణ్ణి ఓడించడం ఎలా?



దసరా సెలవులు అయిపోయిన కొద్దిరోజులకు, ఒక సాయంత్రం సండూరులో మా వీధి అమ్మాయి ఒకతె వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుంది. పదమూడేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆటలో రెండూ. గనుల కాలనీలో ఉన్న ఒకే ఒక్క టెన్నిస్ కోర్టులో మూడేళ్ళుగా ఆడుతోంది. బళ్ళారిలో పోటీకి పోయి మొదటి రౌండులోనే 6-1, 6-0 తేడాతో ఓడి వచ్చింది. గెలిచిన అమ్మాయి పెద్ద ఊరి పిల్ల. ఆ వయసు వాళ్ళలో రెండేళ్ళుగా ఆమెను ఓడించినవాళ్ళే లేరట.

"తాతా, ఆ పిల్లను ఎట్ల ఓడించేది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపలే, "ఓడించేకి అవుతాదా అసలు?" అని తనే అంది.

మొదటి ప్రశ్నకు జవాబు వెతకవచ్చు. రెండో ప్రశ్నే నన్ను కలవరపెట్టింది. మరో రెండు నెలల్లో మళ్ళీ పోటీ ఉంది. ఈలోపల ఆ రెండో ప్రశ్న పిల్ల మనసులో పాతుకుపోతే ఇక రాకెట్టు పట్టి లాభం లేదు. నేను పెద్ద ఆటగాణ్ణేమీ కాను. ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రాలు క్లబ్బులో ఆడినవాణ్ణి, ఆ తరువాత చూసినవాణ్ణి, చదివినవాణ్ణి. అయినా ఆమె చెప్పిన ఆ అంకెలు వినగానే రెండు పాత ఆటలు జ్ఞాపకం వచ్చాయి. వాటి సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు ఒక చిన్న లెక్క.

రోజర్ ఫెదరర్ పేరు వినని క్రీడాభిమాని ఉండడు. 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పట్టభద్రుల ముందు మాట్లాడుతూ ఆయన తన లెక్క తానే చెప్పాడు. ఆడిన సింగిల్స్ మ్యాచీలు 1526. గెలిచినవి నూటికి దాదాపు ఎనభై. మరి అన్ని మ్యాచీల్లో కలిపి ఆయన గెలిచిన పాయింట్లు ఎన్ని? నూటికి 54 మాత్రమే! అంటే అంత గొప్ప ఆటగాడు కూడా నూరు బంతుల పోరాటంలో 46 సార్లు ఓడిపోయాడు. ఎదురులేనివాడికీ, ఎదుటివాడికీ ఉన్న తేడా నూటికి ఎనిమిది పాయింట్లు. అందులో ఐదింటిని ఇటు లాగగలిగితే లెక్క 51కి 49 అయి తారుమారవుతుంది.

ఇదెలా సాధ్యమని మీరు అడగవచ్చు. టెన్నిస్‌లో లెక్క కట్టే పద్ధతిలోనే దీని కిటుకు ఉంది. గేము 40-40 దాకా పోయి ఓడినా ఓటమే, ఒక్క పాయింటూ రాకుండా ఓడినా అంతే ఓటమి. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా అమ్మాయిని అడిగాను: "నువ్వు ఓడిన పన్నెండు గేముల్లో 40-40 దాకా పోయినవి ఎన్ని?" వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఐదు అంది. చూడండి, 6-1, 6-0 అన్న అంకెల వెనక ఐదు గేములు దాదాపు సమానంగా నడిచాయి. ఆ సంగతి ఆమెకే తట్టలేదు.

ఇంకొక ప్రశ్న వేశాను. "ఆ పిల్లకు నచ్చని బంతి ఏది?" దీనికి మాత్రం జవాబు లేదు. ఆటంతా తన తప్పులనే చూసుకుంది గాని ఎదుటి మనిషిని చూడలేదు. ఓడిపోతున్నవాళ్ళందరిదీ ఇదే కథ. మన చూపు మన కాళ్ళ మీదికే పోతుంది.

మన సీమలో గరిడీ ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. కుస్తీ చూసినవాళ్ళకు నేను చెప్పబోయేది సులభంగా అర్థమవుతుంది. మెడ పట్టులో ఆరితేరిన పైల్వానుకు మెడ అందించి, అదే పట్టులో వాణ్ణి పడగొట్టాలని చూసేవాడు తెలివితక్కువవాడు. తెలిసినవాడు కాళ్ళ దగ్గరికి పోతాడు. టెన్నిస్‌లో మాత్రం చాలామంది మెడే అందిస్తారు. ఎదుటివాడు గట్టిగా కొడితే మనం ఇంకా గట్టిగా కొట్టాలనుకుంటాం. అతనికి కావలసింది కూడా అదే.

1975 వింబుల్డన్ ఫైనల్ దీనికి సాటిలేని ఉదాహరణ. ఒకవైపు జిమ్మీ కానర్స్. వయసు ఇరవై రెండు, క్రిందటేడు విజేత, ప్రపంచంలో మొదటి స్థానం. ఆ ఏడు ఒక్క సెట్టు కూడా ఓడకుండా ఫైనలుకు వచ్చాడు. రెండోవైపు ఆర్థర్ ఆష్. ముప్పై రెండో ఏడు నిండబోతోంది. అంతకుముందు కానర్స్‌తో ఆడిన మూడుసార్లూ ఓడాడు. ఆష్ నిలువుగా, వేగంగా కొట్టే ఆటగాడు. కానర్స్‌కు సరిగ్గా అలాంటివాళ్ళే ఇష్టం. ఎంత వేగంగా వస్తే అంత వేగంగా తిప్పికొట్టడం అతని విద్య. సెమీఫైనల్‌లో రాస్కో టానర్ తుపాకీగుండు లాంటి సర్వీసులు వేసి చిత్తుగా ఓడిపోయాడు.

ఫైనలుకు ముందురోజు రాత్రి ఆష్ స్నేహితులతో కూర్చుని ఆలోచించాడు. మరునాడు కోర్టులో జనం చూసిన ఆష్ వేరే మనిషి. బంతికి వేగం తీసేశాడు. మెత్తగా, కిందుగా, కానర్స్ ఫోర్‌హ్యాండ్ వైపు వేశాడు. వేగం లేని బంతిని కింది నుంచి లేపి కొట్టడం కానర్స్‌కు ఇబ్బంది. అతనిది ఎడమచేతివాటం, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొడతాడు. రెండు చేతులూ రాకెట్టు మీద ఉంటే అందుకోగల దూరం తగ్గుతుంది. అందుకని కుడి కోర్టు నుంచి పక్కకు జారిపోయే స్లైస్ సర్వీసు వేసి అతన్ని గీత అవతలికి లాగాడు. నెట్టు దగ్గరికి వస్తే నెత్తి మీదుగా బంతి లేపాడు. మొదటి రెండు సెట్లు 6-1, 6-1. మూడోది కానర్స్ 7-5తో గెలుచుకున్నాడు. అప్పుడు ఆష్ కంగారుపడి తన పాత గట్టి ఆటకు తిరిగిపోయి ఉంటే ఏమయ్యేదో! పోలేదు. నాలుగో సెట్టులో వెనకబడినా పథకం వదలక 6-4తో ముగించాడు.

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. ఆష్ వదులుకున్నది తన బలహీనతను కాదు, తన బలాన్ని. అదెంత కష్టమో రాకెట్టు పట్టినవాళ్ళకు తెలుస్తుంది.

మెత్తని ఆటతో గట్టివాణ్ణి పడగొట్టినవాడు మన దేశంలోనూ ఉన్నాడు. మద్రాసు ఆటగాడు రమేశ్ కృష్ణన్. 1988లో మాట్స్ విలాండర్ నాలుగు పెద్ద పోటీల్లో మూడింటిని గెలిచాడు. 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు మొదటి స్థానంలో, క్రిందటేటి విజేతగా వచ్చాడు. రెండో రౌండులో రమేశ్ అతన్ని 6-3, 6-2, 7-6తో వరుస సెట్లలో ఓడించాడు. రమేశ్‌కు పెద్ద సర్వీసు లేదు. ఉన్నదల్లా బంతిని ఎక్కడ పెట్టాలో తెలిసిన మణికట్టు.

అయితే శ్రోతలారా, మెత్తగా ఆడడమే మంత్రమని అనుకోకండి. విరుగుడు మనిషిని బట్టి మారుతుంది. తెలుగునాట పెరిగిన సానియా మీర్జా చేసింది ఆష్ చేసినదానికి పూర్తిగా తలకిందులు.

సానియా పుట్టింది ముంబయిలో, పెరిగింది హైదరాబాదులో. ఆరేళ్ళ వయసులో రాకెట్టు పట్టింది. ఆ రోజుల్లో దక్షిణాది క్లబ్బుల్లో మట్టి, పేడ కలిపి అలికిన కోర్టులు ఇంకా ఉండేవి. సర్వీసు ఆమె బలం కాదు. పరుగులోనూ ఆమెను మించినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆమెకున్న ఆస్తి ఫోర్‌హ్యాండ్. బంతి నేలను తాకి పైకి లేస్తూ ఉండగానే, ఎక్కువ సుడి తిప్పకుండా, సూటిగా కొట్టేది.

2005 ఆమెకు పెద్ద ఏడు. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండులో సెరీనా విలియమ్స్ ఎదురయింది. మొదటి సెట్టు 1-6తో పోయింది, రెండోది 4-6తో. ఓటమే. కాని ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫిబ్రవరిలో సొంత ఊరు హైదరాబాదులో టైటిల్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది.

ఆ తరువాత మార్చిలో దుబాయి. రెండో రౌండులో ఎదుటనున్నది రష్యాకు చెందిన స్వెత్లానా కుజ్నెత్సోవా. అప్పటికి ఆరు నెలల క్రితం అమెరికన్ ఓపెన్ గెలిచిన క్రీడాకారిణి, ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకరు. సానియా స్థానం వంద దరిదాపుల్లో ఉంది. దానికి తోడు మొదటి సెట్టులో సానియా చీలమండ మెలికపడింది. స్కోరు 0-4. సాధారణంగా అక్కడ ఆట అయిపోయినట్టే. ఆ సెట్టును ఆమె 6-4తో గెలిచింది. అంటే వరుసగా ఆరు గేములు! రెండో సెట్టు 6-2.

ఇందులో మనం నేర్చుకోవలసిన కిటుకు ఒకటుంది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను. కుజ్నెత్సోవా లాంటివాళ్ళు బంతికి బాగా పైసుడి, అంటే టాప్‌స్పిన్ ఇచ్చి కొడతారు. అలాంటి బంతి నేల తాకాక భుజం ఎత్తుకు లేస్తుంది. దాన్ని అందుకోవడానికి మనం వెనక్కి, ఇంకా వెనక్కి పోతాం. వెనక్కి పోయిన కొద్దీ మన బంతి అవతలికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ వ్యవధిలో ఎదుటి మనిషి తాపీగా మధ్యకు వచ్చి, కాళ్ళు కుదురుగా పెట్టుకుని, తనకిష్టమైన దెబ్బ ఎంచుకుంటుంది. గొప్ప ఆటగాళ్ళకు మనం రోజూ ఇచ్చే కానుక ఈ సమయమే. సానియా ఆ కానుక ఇవ్వలేదు. గీత దగ్గరే నిలబడి, బంతి లేవకముందే కొట్టేసేది. ఎదుటివాళ్ళకు కాళ్ళు కుదుర్చుకునే వ్యవధి దొరికేది కాదు.

ఇందులో ప్రమాదమూ ఉంది. ముందే కొట్టేటప్పుడు తప్పులు ఎక్కువవుతాయి. ఆ తప్పులు ఎక్కడ చేయాలో కూడా లెక్క ఉంది. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ వెడల్పు 27 అడుగులు. మూల నుంచి మూలకు కొలిస్తే 82 అడుగుల పైనే వస్తుంది. నెట్టు మధ్యలో మూడడుగులు, కొసల్లో మూడున్నర. కనుక ఏటవాలుగా కొట్టే బంతికి చోటూ ఎక్కువే, దాటవలసిన నెట్టూ తక్కువే. పక్కగీత వెంట సూటిగా కొట్టే బంతికి నెట్టు ఎత్తు, చోటు తక్కువ. ధైర్యంగా కొట్టమన్నారని ప్రతి బంతినీ గీత వెంట కొట్టేవాడు పది నిమిషాల్లో ఆట పోగొట్టుకుంటాడు. ఏటవాలుగా కొడుతూ, పొట్టిబంతి వచ్చినప్పుడే గీత వెంట వదలాలి.

దుబాయిలో గెలిచిన సానియా తరువాతి రౌండులోనే యెలెనా యాంకోవిచ్ చేతిలో ఓడింది. పెద్ద విజయం మరునాటికి పూచీ ఇవ్వదు. ఆ దుబాయిలోనే 2023 ఫిబ్రవరిలో ఆమె ఆఖరి ఆట ఆడి విరమించుకోవడం ఒక చిత్రమైన ముడి.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ఆ రెండు ఆటల సంగతికి వస్తాను.

2006 సెప్టెంబరులో కలకత్తా పోటీ సెమీఫైనల్‌లో సానియాకు మార్టినా హింగిస్ ఎదురయింది. ఒకప్పుడు మొత్తం 209 వారాలు ప్రపంచ మొదటి స్థానంలో ఉన్న స్విస్ క్రీడాకారిణి, విరామం తరువాత మళ్ళీ ఆడుతున్న రోజులు. స్కోరు 6-1, 6-0. సొంత దేశంలో, సొంత జనం ముందు. మరుసటి వారం దక్షిణ కొరియాలోని సియోల్‌లో మళ్ళీ ఆ ఇద్దరే తలపడ్డారు. మొదటి సెట్టు కూడా హింగిస్‌దే, 6-4. తరువాత సానియా 6-0, 6-4తో ఆట గెలిచింది. వారం రోజుల్లో ఎవరికీ కొత్త ఆట రాదు. అదే ఫోర్‌హ్యాండ్, అదే సర్వీసు. మారగలిగినవి కొన్ని పాయింట్లు, వాటిని ఆడే తీరు. ఆ తరువాత తొమ్మిదేళ్ళకు ఈ ఇద్దరే జంటగా ఆడి వింబుల్డన్, అమెరికన్ ఓపెన్ డబుల్స్ గెలిచారు. వరుసగా 41 మ్యాచీలు ఓటమి లేకుండా గెలిచారు కూడా!

రెండో ఆట పారిస్‌లో జరిగింది. అక్కడి కోర్టు ఎర్రగా ఉంటుంది. టీవీలో చూసి మా సండూరు పిల్లలు మన మట్టే అనుకుంటారు. మనది ఇనుము కలిసిన ఎరుపు, అక్కడిది దంచిన ఇటుకల పొడి. సున్నపురాయి పొర మీద పలచగా పరుస్తారు. ఆ పొడి మీద బంతి వేగం తగ్గి ఎత్తుగా లేస్తుంది. రఫేల్ నాదల్‌కు అది పుట్టినిల్లు లాంటిది. 2009 నాటికి వరుసగా నాలుగేళ్ళు అక్కడ విజేత, ఆడిన 31 మ్యాచీల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ వసంతంలోనే రోమ్‌లో స్వీడన్‌కు చెందిన రాబిన్ సోడర్లింగ్‌ను 6-1, 6-0తో మట్టి కరిపించాడు. దాదాపు నెల తరువాత మే 31న పారిస్‌లో నాలుగో రౌండులో మళ్ళీ ఆ సోడర్లింగే వచ్చాడు. ఎవరు గెలుస్తారని అడిగితే జనం నవ్వి ఉంటారు.

నాదల్ ఆయుధం ఎడమచేతి పైసుడి. కుడిచేతివాళ్ళ బ్యాక్‌హ్యాండ్ వైపు బంతి భుజం మీదికి లేస్తుంది. ఫెదరర్ అంతటివాడు కూడా ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో దాన్ని ఎదుర్కోలేక ఎన్నోసార్లు ఓడాడు. సోడర్లింగ్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొడతాడు. ఇతరులకు భుజం మీదికి వచ్చే బంతి అతనికి రొమ్ము ఎత్తులో, చేతికి అందే చోటికి వస్తుంది. దాన్ని సమతలంగా, పూర్తి బలంతో కొట్టాడు. తప్పులు చేశాడు, అయినా కొట్టడం మానలేదు. 6-2, 6-7, 6-4, 7-6. నాదల్ పారిస్‌లో తన జీవితమంతా ఆడి 112 మ్యాచీలు గెలిచి, నాలుగు మాత్రమే ఓడాడు. ఆ నాలుగింటిలో మొదటిది ఇదే. రెండో సెట్టు టైబ్రేకులో పోయినప్పుడు, ఇక నాదల్ పుంజుకుంటాడని అందరూ అనుకునే ఆ ఘడియలో సోడర్లింగ్ ఆట మార్చలేదు. ఆష్ నాలుగో సెట్టులో చేసింది కూడా అదే కదా.

ఇవన్నీ మా అమ్మాయికి ఒకేసారి చెప్పలేదు. నాలుగైదు సాయంత్రాలు పట్టింది. ఆష్ కథ ఆమెకు నచ్చలేదు. "మెల్లగ ఆడితే భయపడినానని అనుకుంటారు" అంది. సోడర్లింగ్ కథ బాగా నచ్చింది. కాని ఆమె ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు! పొట్టివాళ్ళకు ఎత్తుబంతి శత్రువు, కనుక సోడర్లింగ్ దారి ఆమెది కాదు. సానియాలా గీత దగ్గర నిలబడి, బంతి లేవకముందే అందుకోవాలి. ఇది వివరించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

తరువాతి ఆదివారం బళ్ళారిలో వేరే పోటీ ఉంటే, తను ఆడకపోయినా వాళ్ళ నాన్నతో బస్సెక్కి పోయి ఆ పెద్ద ఊరి పిల్ల ఆట చూసి వచ్చింది. బడి నోటుబుక్కు వెనక పేజీలో పాయింటు పాయింటుకూ గీతలు గీసుకుంది. నాకు చూపించింది. ఆ పిల్ల రెండో సర్వీసు చాలా మెత్తగా, దాదాపు ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. కిందుగా జారే బంతికి మోకాళ్ళు వంచదు, నెట్టుకు కొట్టుకుంటుంది. ఈ పిల్ల మాత్రం పోయినసారి ఆ రెండో సర్వీసులను గీతకు రెండు గజాల వెనక నిలబడి తిప్పివేసింది!

"ఆ యమ్మి కూడా మనిషే తాతా, చానా తప్పులు చేస్తాది" అంది నోటుబుక్కు మూసి.

ఇప్పుడు రోజూ బడి వదిలాక కోర్టుకు పోతోంది. వాళ్ళ అన్న అవతలి నుంచి మెత్తటి సర్వీసులు వేస్తాడు. ఈమె గీతకు అడుగు లోపల నిలబడి కొడుతుంది. మొదటి రోజు నలభై బంతుల్లో ముప్పై నెట్టుకో, కోర్టు అవతల లారీల ఎర్రదుమ్ములోకో పోయాయి. నిన్న నేను పోయి కూర్చుని లెక్కపెట్టాను. నలభైలో పంతొమ్మిది లోపల పడ్డాయి.